హువా హిన్‌లో ఆరు రోజుల గోల్ఫ్, ఏడు రౌండ్లు: మా ప్లాన్ ఎలా ఉందో చెప్పండి

సీతమ్మధార_స్లైస్ · సెప్టెంబర్ 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం ఎనిమిది మందిమి. అందరం మన వైజాగ్ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో శని, ఆదివారాలు ఆడేవాళ్లమే. ముడసర్లోవలో తెల్లారకముందే టోపీలు పెట్టుకుని తిరిగే బ్యాచ్‌ని చూసుంటే అది మేమే. జనవరిలో థాయ్‌లాండ్‌లోని హువా హిన్ వెళ్దామని రెండేళ్లుగా అనుకుంటున్నాం, ఈసారి నిజమయ్యేలా ఉంది. ఆరు రాత్రులు. నలుగురు కుటుంబాలతో వస్తున్నారు, ఇద్దరు చిన్నపిల్లలు కూడా ఉన్నారు. హ్యాండికాప్‌లు (ఎంత తక్కువైతే ఆట అంత బాగున్నట్టు) 9 నుంచి 28 దాకా. మా మావయ్యగారికి 67 ఏళ్లు, కుడి మోకాలు అప్పుడప్పుడు మొరాయిస్తుంది.

ప్లాన్ ఇదీ. దిగిన రోజు మధ్యాహ్నం పామ్ హిల్స్. రెండో రోజు బ్లాక్ మౌంటెన్. మూడో రోజు పొద్దున పైనాపిల్ వ్యాలీ, మధ్యాహ్నం రాయల్ హువా హిన్. నాలుగో రోజు స్ప్రింగ్‌ఫీల్డ్. ఐదో రోజు సీ పైన్. ఆఖరి రోజు మళ్లీ బ్లాక్ మౌంటెన్, అటునుంచి అటే ఎయిర్‌పోర్ట్.

మాలో చాలామందిమి ఇన్నేళ్లూ ఆడింది ఒకటే కోర్సు. అక్కడి జాబితా చూసేసరికి పెళ్లిలో బఫే దగ్గర నిలబడ్డట్టయింది, అన్నీ ప్లేట్లో వేసేసుకున్నాం. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

బంకర్_బాబాయ్ · సెప్టెంబర్ 14, రాత్రి 10:15

ఇది ట్రిప్పా, ఇంటర్ పరీక్షల టైమ్‌టేబులా?

నేను మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి నాదీ ఇదే కక్కుర్తి. దిగిన రోజు ఆట మాత్రం ముందు కొట్టేయండి. బ్యాంకాక్‌లో దిగాక హువా హిన్ దాదాపు 200 కిలోమీటర్లు. కాగితం మీద మూడు గంటలు. రామా 2 రోడ్డు మీద ట్రాఫిక్ పడితే అది ఎంతవుతుందో డ్రైవర్ కూడా చెప్పలేడు. రాత్రి ఫ్లైట్ ఎక్కితే నిద్ర ఉండదు. పైగా వాళ్ల గడియారం మనకంటే గంటన్నర ముందు. అక్కడ 6:30 టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) అంటే మన ఒంటికి తెల్లవారుజాము 5 గంటలు.

ఆఖరి రోజు ఆడేసి అటే ఎయిర్‌పోర్ట్‌కి అన్నారు చూడండి, అది కూడా వద్దు. ముందున్న గ్రూపు ఎవరో నెమ్మదిగా ఆడితే పదిహేనో హోల్ దగ్గర మీరు గడియారం చూసుకుంటూ పట్ (బాల్‌ని కప్పులోకి దొర్లించే షాట్) కొడతారు. ఆ పట్ పడదు.

తొమ్మిదో_హోల్ · సెప్టెంబర్ 15, ఉదయం 7:05

బాబాయ్ గారితో సగమే ఒప్పుకుంటా. దిగిన రోజు ఆట వద్దన్నది కరెక్టే. కానీ బ్లాక్ మౌంటెన్ రెండుసార్లు ఆడాల్సిందే. 2007లో మొదలైంది, డిజైన్ ఫిల్ రయాన్ అనే ఆస్ట్రేలియన్‌ది. 2015, 2016లో యూరోపియన్ టూర్ వాళ్ల థాయ్‌లాండ్ క్లాసిక్ ఇక్కడే జరిగింది. టీవీలో చూసిన హోల్‌లో మనం నిలబడి కొట్టడం అనేది వేరే ఫీలింగ్. కొండ మధ్యలో పళ్లెంలా ఉంటుంది, మధ్యలో వాగులు, నల్ల బండలు. మొదటిసారి ఆడితే ఎక్కడ కొట్టకూడదో తెలుస్తుంది. రెండోసారే అసలు ఆట.

ఈ గ్రూపులో 9 హ్యాండికాప్ నేనే. మా స్లైస్ తమ్ముడు ఆ విషయం చెప్పలేదు.

గాజువాక_గ్రిప్ · సెప్టెంబర్ 15, ఉదయం 7:30

28 నేను. అదీ చెప్పలేదు.

పోయినేడాది ఆఫీసు వాళ్లతో వెళ్లి బ్లాక్ మౌంటెన్‌లో పదకొండు బాల్స్ పారేసుకున్నాను. పన్నెండోది నా బ్యాగ్ చూసుకునే కేడీ అమ్మాయి తన జేబులోంచి తీసి ఇచ్చింది. కోర్సు అద్భుతం, అందులో మాట లేదు. ఒక్కసారి చాలు.

డాక్టరమ్మ · సెప్టెంబర్ 15, ఉదయం 8:50

పదకొండు బాల్స్ పోయాయంటే కోర్సు తప్పు కాదు గ్రిప్ గారూ, మీరు ఏ టీ (హోల్ మొదటి షాట్ కొట్టే చోటు) నుంచి ఆడారో ముందు చెప్పండి. వెనకుండే బ్లూ కదూ? ఆఫీసు వాళ్లంతా బ్లూ అంటే మీరూ బ్లూ.

కోర్సు ఎంచుకోవడం కంటే టీ ఎంచుకోవడం ముఖ్యమని నేను ఎప్పుడూ చెబుతాను, మగవాళ్లు ఎప్పుడూ వినరు. ఒక లెక్క ఉంది. మీ డ్రైవర్ క్లబ్ (అన్నిట్లోకీ దూరం కొట్టేది) షాట్ మామూలుగా ఎంత దూరం పోతుందో దాన్ని 28తో గుణించండి. 200 గజాలు కొట్టేవారికి 5,600 గజాల టీ. 240 కొట్టేవారికి 6,720. మామూలుగా అన్నాను, ఏడాదికి ఒకసారి గాలి వాటంలో పోయినది కాదు. ఎనిమిది మందీ ఒకే టీ నుంచి ఆడాలని ఎక్కడా రూలు లేదు.

నేను ముందు టీ నుంచి ఆడతాను కాబట్టి లోకువ చేసిన ఇద్దరు పెద్దమనుషులకి పోయిన సంక్రాంతి టోర్నీలో ఏమైందో ఇక్కడ రాయను.

రిటైర్డ్_రైలుబండి · సెప్టెంబర్ 15, మధ్యాహ్నం 2:20

నమస్కారం. మూడో రోజు మధ్యాహ్నం ఖాళీ ఉంది కాబట్టి రాయల్ హువా హిన్‌ని అక్కడ ఇరికించారు. అది చూసి మనసు చివుక్కుమంది.

వాల్తేరు డివిజన్‌లో ముప్ఫై మూడేళ్లు పనిచేసినవాణ్ణి, కాబట్టి పక్షపాతం ఉంది, ముందే ఒప్పుకుంటున్నాను. ఆ కోర్సు రైల్వే వాళ్లది. 1911లో హువా హిన్‌కి రైలొచ్చింది. రాజకుటుంబం వేసవికి అక్కడికి రావడం మొదలుపెట్టింది. 1924లో ఏ.ఓ. రాబిన్స్ అనే స్కాట్లాండ్ రైల్వే ఇంజనీరు స్టేషన్‌కి ఎదురుగా గోల్ఫ్ కోర్సు వేశాడు. పట్టాలు వేసే మనిషి ఫెయిర్‌వే (హోల్ దాకా వెళ్లే గడ్డి బాట) వేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే అక్కడికి వెళ్లాలి. కొండ వాలు ఎలా ఉంటే హోల్ అలా వెళుతుంది. మట్టి తవ్వి పోసి గుట్టలు కట్టడం లేదు. చెట్లు వందేళ్లవి. పక్క కొండ మీద బౌద్ధాలయం ఉంటుంది. పైకి వెళ్లాక వెనక్కి తిరిగితే ఊరు, దాని అవతల సముద్రం. కైలాసగిరి మీంచి మన ఊరు చూసినట్టే ఉంటుంది, కాకపోతే చేతిలో ఏడో నంబరు ఐరన్ క్లబ్ ఉంటుంది.

ఎర్ర, తెల్ల రంగుల పాత చెక్క స్టేషన్ కోర్సు పక్కనే ఉంది. 2023 డిసెంబర్ నుంచి రైళ్లు కొత్తగా కట్టిన ఎత్తు స్టేషన్‌కి మారాయి కానీ పాతదాన్ని అలాగే ఉంచారు. ఆట అయ్యాక ఆ ప్లాట్‌ఫాం బల్ల మీద కూర్చుని కాఫీ తాగండి. మా ఆవిడ అయితే ట్రిప్ మొత్తంలో అదే బాగుందంది. ఆవిడ గోల్ఫ్ ఆడదు.

ఫెయిర్‌వేలు కొత్త కోర్సుల్లాగా తివాచీల్లా ఉండవు. అది కావాలంటే మిగతావి ఉన్నాయి.

బంకర్_బాబాయ్ · సెప్టెంబర్ 15, మధ్యాహ్నం 2:45

రైలుబండి గారు రాశాక ఇంకేముంది. రాయల్‌కి పొద్దున్న స్లాట్ ఇవ్వండి. ఖర్చు కూడా బ్లాక్ మౌంటెన్ కంటే బాగా తక్కువ.

మావయ్యగారి మోకాలికి మాత్రం ఎక్కుడు, దిగుడు ఉంది. కార్ట్ తప్పకుండా తీసుకోండి.

ఋషికొండ_రఫ్ · సెప్టెంబర్ 15, సాయంత్రం 6:10

నాకో అనుమానం. సముద్రం ఊరు అంటున్నారు, ఈ కోర్సుల్లో ఎక్కడా సముద్రం ఆనుకుని ఆడేది కనపడట్లేదు. అన్నీ కొండల వైపే ఉన్నాయి మ్యాప్‌లో.

తొమ్మిదో_హోల్ · సెప్టెంబర్ 15, సాయంత్రం 6:25

సముద్రం కోసం అంత దూరం పోవాలా? మేడ ఎక్కితే కనపడుతుంది మనకి.

ఋషికొండ_రఫ్ · సెప్టెంబర్ 15, సాయంత్రం 6:31

కనపడుతుంది అన్నా, దాని పక్కన పార్ త్రీ (మూడు షాట్లలో ముగించాల్సిన హోల్) కొట్టనివ్వరు కదా.

డాక్టరమ్మ · సెప్టెంబర్ 15, రాత్రి 8:00

రఫ్ గమనించింది కరెక్ట్. హువా హిన్‌లో సముద్రం ఒడ్డుకి వచ్చే కోర్సు సీ పైన్ ఒక్కటే. థాయ్ సైన్యం వారిది, ఊరికి దక్షిణాన సువాన్ సొన్ బీచ్ దగ్గర ఉంది. అక్కడ కూడా పద్దెనిమిదీ ఒడ్డున ఉండవు, కొన్ని మాత్రమే. సువాన్ అంటే తోట. సొన్ అంటే పైన్ చెట్టు, సరుగుడుకీ వాళ్లు అదే మాట వాడతారు. భీమిలి రోడ్డులో పెరిగినవాళ్లకి సొంతూరులా అనిపిస్తుంది.

అక్కడ దూరం సమస్య కాదు, గాలి సమస్య. పొద్దున్నే ఆడితే గాలి తక్కువ. మధ్యాహ్నం ఆడితే మీ ఎనిమిదో ఐరన్ దూరం ఎంతో మీకే తెలీదు. నేనైతే కావాలనే మధ్యాహ్నం ఆడతాను. మిగతా కోర్సుల్లో దొరకనిది అదొక్కటే కదా.

కుటుంబాల సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఏడు రౌండ్లు అంటే ఆ నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు పిల్లలు హోటల్ స్విమ్మింగ్ పూల్ దగ్గర ఏడుసార్లు కూర్చుంటారు. పిల్లలకి వానా నావా వాటర్ పార్క్ ఊళ్లోనే ఉంది. శుక్ర, శని, ఆదివారాల సాయంత్రం సికాడా మార్కెట్. ఒక రోజు మాత్రం గోల్ఫ్ లేకుండా అందరూ కలిసి ఫ్రయా నఖోన్ గుహకి వెళ్లండి, దక్షిణంగా గంట ప్రయాణం. బొర్రా గుహల్లా లైట్లు ఉండవు. కొండెక్కి దిగితే గుహ. పైకప్పు కూలిన చోటు నుంచి వెలుగు పడుతుంది, ఆ వెలుగులో 1890లో చులాలాంగ్‌కోర్న్ రాజు కోసం కట్టిన చిన్న మండపం. ఉదయం పదిన్నర ప్రాంతంలో ఎండ సరిగ్గా దాని మీద పడుతుంది. మోకాలు నొప్పి ఉన్నవారు కింద బీచ్‌లోనే ఆగిపోవడం మంచిది.

మధురవాడ_మల్లిగన్ · సెప్టెంబర్ 16, ఉదయం 9:10

కొత్త మెంబర్‌ని. హైదరాబాద్ నుంచి ఈమధ్యే మారాను. స్ప్రింగ్‌ఫీల్డ్ గురించి ఎవరూ ఏమీ అనలేదేంటి? జాక్ నిక్లాస్ డిజైన్, 27 హోల్స్, ఛా ఆమ్ వైపు. మా బ్యాచ్‌కి అన్నిట్లోకీ అదే నచ్చింది. గ్రీన్ల (కప్పు ఉండే నున్నటి గడ్డి) చుట్టూ బంకర్లు (ఇసుక గోతులు) ఎక్కడ పెట్టాడో చూస్తే, మనం ఎక్కడ తప్పు కొడతామో ఆయనకి ముందే తెలుసని అర్థమవుతుంది.

బంకర్_బాబాయ్ · సెప్టెంబర్ 16, ఉదయం 9:40

స్వాగతం తమ్ముడూ. నా పేరు చూశావుగా, ఆయనా నేనూ పాత పరిచయం.

స్ప్రింగ్‌ఫీల్డ్ మంచిదే. పైనాపిల్ వ్యాలీ కూడా మంచిదే. అనాస తోటలు తీసి వేసిన కోర్సు, ఒకప్పుడు దాని పేరు బన్యన్. బర్మా సరిహద్దు కొండల వైపు చూస్తుంది, సాయంకాలం చాలా బాగుంటుంది. కానీ ఈ మూడూ ఒకే ట్రిప్‌లో వద్దు. బ్లాక్ మౌంటెన్, స్ప్రింగ్‌ఫీల్డ్, పైనాపిల్ అన్నీ బాగా నిగనిగలాడే రిసార్ట్ కోర్సులు. మూడో రోజుకి ఏ హోల్ ఎక్కడిదో గుర్తుండదు. ఒక నిగనిగ, ఒక పాతది, ఒక సముద్రం, ఒక తేలికైనది. నాలుగు. అంతే.

తేలికైనది అంటే పామ్ హిల్స్. ఫెయిర్‌వేలు వెడల్పు. మొదటి రోజు ఆటకి అదే పెట్టండి, గ్రిప్ గారికి ధైర్యం వస్తుంది.

గాజువాక_గ్రిప్ · సెప్టెంబర్ 16, ఉదయం 9:52

నా ధైర్యం గురించి ఊరంతా మాట్లాడుకోవడం బాగుంది.

ఎంవీపీ_పుల్‌హుక్ · సెప్టెంబర్ 16, రాత్రి 10:30

కోర్సుల సంగతి పెద్దలు చెప్పారు. నేను బుకింగ్ సంగతి చెబుతా, ఎందుకంటే నేను మోసపోయినవాణ్ణి.

నాలుగేళ్ల కింద ఆరుగురం వెళ్లాం. ఒక ఏజెంట్ ప్యాకేజీ మాట్లాడాడు: హోటల్, వ్యాను, నాలుగు రౌండ్లు, అంతా కలిపి. పేరు రాయను, ఇప్పుడు ఆ ఆఫీసు కూడా లేదు. అడ్వాన్సు కట్టాం, వాట్సాప్‌లో రంగురంగుల కాగితం పంపించాడు. రెండో రోజు కోర్సుకి వెళితే కౌంటర్‌లో అమ్మాయి రెండు చేతులూ జోడించి ఎంతో మర్యాదగా, మీ పేరు మీద ఏమీ లేదు సార్ అంది. జనవరి సీజన్, పొద్దున్న స్లాట్లు నిండిపోయాయి. ఎండలో పన్నెండున్నరకి రెండోసారి డబ్బు కట్టి ఆడాం. మా తోడల్లుడు నాతో మూడు నెలలు సరిగ్గా మాట్లాడలేదు.

అందుకని, ఎవరి ద్వారా బుక్ చేసినా కోర్సు ఇచ్చిన కన్ఫర్మేషన్ నంబరు చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు కట్టొద్దు. ఎనిమిది మంది అంటే రెండు ఫోర్‌బాల్స్ (నలుగురేసి గ్రూపులు), వరసగా రెండు టీ టైమ్‌లు కావాలని రాయించుకోండి. లేకపోతే మీ నలుగురు ఏడింటికి, మిగతా నలుగురు ఎనిమిదిన్నరకి. గ్రీన్ ఫీజులో కేడీ, కార్ట్ కలిసున్నాయా లేదా అని కూడా అడగండి. ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, రేట్లు పోల్చేటప్పుడు అక్కడే మోసపోతాం.

సీతమ్మధార_స్లైస్ · సెప్టెంబర్ 17, ఉదయం 6:45

చాలా థ్యాంక్స్ అండీ. రాత్రి మా వాళ్లతో వీడియో కాల్ పెట్టాను. గంటన్నర గొడవ. తొమ్మిదో హోల్ అన్న అలిగి కాల్ కట్ చేశారు, మళ్లీ ఆయనే కలిశారు.

కేడీలు, బ్యాగుల గురించి కూడా ఎవరైనా చెప్పరూ?

బంకర్_బాబాయ్ · సెప్టెంబర్ 17, ఉదయం 7:20

అక్కడ దాదాపు ప్రతి కోర్సులో కేడీ తప్పనిసరి, మనిషికి ఒకరు. ఎక్కువమంది ఆడవాళ్లే. ఎండకి ముఖం, చేతులు మొత్తం కప్పుకుని ఉంటారు, రెండు కళ్లు మాత్రమే కనపడతాయి. గ్రీన్ చదవడంలో వాళ్లని మించినవారు లేరు. గడ్డి ఎటు పడుకుందో వాళ్లకి తెలుసు, మనకి తెలీదు. వాదించొద్దు. సాయ్ అంటే ఎడమ. ఖ్వా అంటే కుడి. నిత్ నోయ్ అంటే కొంచెం. ఈ మూడు మాటలు వస్తే నాలుగు షాట్లు తగ్గుతాయి. ఆట అయ్యాక 300, 400 బాట్ టిప్ చేతికే ఇవ్వండి, చిల్లర ముందే మార్చి పెట్టుకోండి.

ఎంవీపీ_పుల్‌హుక్ · సెప్టెంబర్ 17, ఉదయం 8:05

బ్యాగులకి: టికెట్‌తోనే స్పోర్ట్స్ బ్యాగేజీ కొనుక్కోండి, ఎయిర్‌పోర్ట్‌లో కడితే కన్నీళ్లొస్తాయి. కవర్‌తో కలిపి బ్యాగ్ 15 కిలోలు దాకా తేలుతుంది. డ్రైవర్ క్లబ్ తల విప్పేసి తువ్వాలులో చుట్టండి. తల విప్పడం రానివాళ్లు బ్యాగ్‌లో డ్రైవర్ కంటే పొడుగైన గట్టి కర్ర ఒకటి నిలబెట్టండి, దెబ్బ దానికి తగులుతుంది. దూరం చూసే రేంజ్‌ఫైండర్ విడి బ్యాటరీలు, పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే.

ఇంకోటి. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ వెళ్లేవారు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపుకోవచ్చు, ఉచితం. దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే మూసేయండి. వీసా రూలు బయల్దేరే ముందు మళ్లీ ఒకసారి చూసుకోండి.

ఋషికొండ_రఫ్ · సెప్టెంబర్ 17, ఉదయం 8:40

జనవరిలో వర్షం ఉండదు కదా? మనకి అక్టోబర్, నవంబర్ అంటేనే భయం. హుద్‌హుద్ చూసినవాళ్లం.

రిటైర్డ్_రైలుబండి · సెప్టెంబర్ 17, ఉదయం 11:00

ఉండదు బాబూ. హువా హిన్ థాయ్‌లాండ్‌లో పొడి ప్రాంతాల్లో ఒకటి. నైరుతి వానల్ని బర్మా సరిహద్దు కొండలు అటువైపే ఆపేస్తాయి. వాన ఎక్కువగా సెప్టెంబర్ నుంచి నవంబర్ లోపు. జనవరి హాయి. హాయి కాబట్టే జనం, జనం కాబట్టే రేటు.

డాక్టరమ్మ · సెప్టెంబర్ 17, మధ్యాహ్నం 1:15

పందేలు కాస్తారని తెలుసు, కాబట్టి ఇది కూడా. ఇక్కడి హ్యాండికాప్‌నే అక్కడా పట్టుకు తిరగొద్దు. మీ హ్యాండికాప్ ఇండెక్స్‌ని ఆ టీ స్లోప్‌తో (ఆ టీ ఎంత కష్టమో చెప్పే అంకె) గుణించి 113తో భాగించండి, కోర్సు రేటింగ్‌లోంచి పార్ తీసేస్తే వచ్చేది దానికి కలపండి. ఉదాహరణకి రేటింగ్, పార్ సమానంగా ఉండి స్లోప్ 135 ఉన్న చోట 9 ఉన్నాయన 11 అవుతాడు, 28 ఉన్నాయన 33 అవుతాడు. ఇంట్లో 19 స్ట్రోకుల తేడా అక్కడ 22. ఆ మూడు స్ట్రోకుల మీదే స్నేహాలు పోతాయి. స్లోప్, రేటింగ్ మామూలుగా స్కోర్‌కార్డు మీదే ఉంటాయి, మొదటి టీ దగ్గరే లెక్కేసుకోండి.

గాజువాక_గ్రిప్ · సెప్టెంబర్ 17, మధ్యాహ్నం 1:18

మేడమ్, ఈ పోస్టు ప్రింట్ తీసి లామినేషన్ చేయిస్తున్నా.

సీతమ్మధార_స్లైస్ · సెప్టెంబర్ 21, రాత్రి 9:00

ఫైనల్ చేశాం. దిగిన రోజు నిద్ర. రెండో రోజు పామ్ హిల్స్. మూడో రోజు పొద్దున్నే రాయల్. నాలుగో రోజు అందరూ గుహకి. ఐదో రోజు బ్లాక్ మౌంటెన్, ఒక్కసారే. ఆరో రోజు సీ పైన్, డాక్టరమ్మ గారి మాట మీద మధ్యాహ్నం. ఏడో రోజు పొద్దున్న బయల్దేరి వచ్చేయడం. స్ప్రింగ్‌ఫీల్డ్, పైనాపిల్ వ్యాలీ వచ్చేసారికి. మల్లిగన్ గారూ, ఏమనుకోకండి.

మధురవాడ_మల్లిగన్ · సెప్టెంబర్ 21, రాత్రి 9:12

అనుకున్నాను. పర్లేదు.

సీతమ్మధార_స్లైస్ · జనవరి 25, సాయంత్రం 7:30

వచ్చేశాం. రిపోర్టు బాకీ ఉంది కదా.

పామ్ హిల్స్ మొదటి రోజు పెట్టించినందుకు బాబాయ్ గారికి దండం. గ్రిప్ గారు మొదటి టీ షాట్ ఫెయిర్‌వే మధ్యలో వేసి, మేం చూశామా లేదా అని వెనక్కి తిరిగారు. ఆ తర్వాత నాలుగు రోజులూ ఆ షాట్ గురించే.

రాయల్ గురించి రైలుబండి గారు రాసింది అక్షరాలా నిజం, ఒక్క విషయం తప్ప. కైలాసగిరి గుర్తురాలేదండీ, సింహాచలం మెట్ల దారి గుర్తొచ్చింది. అదే వాలు, అదే చెట్ల నీడ. మావయ్యగారు కార్ట్‌లోనే వెళ్లారు కానీ గ్రీన్ దగ్గర దిగి నడిచారు. ఒక చోట ఇరవై అడుగుల పట్. కేడీ వయసు యాభై దాటి ఉంటుంది. గ్రీన్ అంచున గొంతుక్కూర్చుని చూసి, వేలు పెట్టి, ఖ్వా నిత్ నోయ్ అంది. మావయ్యగారి కంటికి అది స్పష్టంగా ఎడమకి. ఈస్ట్ పాయింట్‌లో అయితే మన కేడీలతో ఐదు నిమిషాలు వాదించేవారు. ఈసారి మాట్లాడకుండా ఆవిడ చూపించిన చోటికే కొట్టారు. బాల్ కప్పు దాటిపోయినట్టే కనపడి, ఆఖరి అడుగులో తిరిగి లోపల పడింది. ఆయన టోపీ తీశారు. ఆవిడ నవ్విందనుకుంటా, కళ్లు మాత్రమే కనపడ్డాయి. మేం తీసుకెళ్లిన మాడుగుల హల్వా డబ్బా ఒకటి మావయ్యగారు ఆమెకే ఇచ్చేశారు. అది సాయంత్రం అందరం తినాల్సింది.

పాత స్టేషన్‌లో కాఫీ తాగాం. మా ఆవిడ కూడా ట్రిప్‌లో అదే బాగుందంది. మీ ఆవిడా మా ఆవిడా ఒకసారి కలవాలి.

గుహలో ఎండ మండపం మీద పడే టైమ్‌కి సరిగ్గా చేరాం. పిల్లలు ఎక్కేశారు, నలుగురు గోల్ఫర్లు సగంలో ఆయాసంతో కూర్చున్నారు. ఎవరెవరో చెప్పను, ఒకరి హ్యాండికాప్ 9.

బ్లాక్ మౌంటెన్‌లో డాక్టరమ్మ గారి లెక్క ప్రకారం ఆరుగురం బ్లూకి ముందుండే వైట్ టీ నుంచి ఆడాం. మావయ్యగారు ఇంకా ముందు నుంచి. ఒక్కాయన మాత్రం టీవీలో చూసిన కోర్సు అని బ్లూ నుంచి ఆడారు. స్కోరు 94. గ్రిప్ గారు పోగొట్టుకున్నది మూడు బాల్స్. పందెం డబ్బు మొత్తం ఆయనకే. లామినేషన్ కాగితం నిజంగానే జేబులో ఉంది, మొదటి టీ దగ్గర బయటికి తీశారు.

సీ పైన్‌లో గాలి. నేను జీవితంలో మొదటిసారి స్లైస్ (పక్కకి వంగిపోయే షాట్) కొట్టి ఫెయిర్‌వేలో పడ్డాను, గాలే తెచ్చి పెట్టింది. సరుగుడు చెట్ల కింద ఎండు ఆకుల మీద నడుస్తుంటే అదే చప్పుడు, అదే ఉప్పు వాసన. రఫ్ ఒక చోట ఆగిపోయి, భీమిలిలో మా తాతగారి తోట ఇలాగే ఉండేదిరా అన్నాడు. తర్వాత బాల్ నీళ్లలో కొట్టాడు.

తప్పు ఒకటే చేశాం. ఎనిమిది బ్యాగులకి ఒక వ్యాను చాలదు. కుటుంబాలు, గోల్ఫ్ బ్యాగులు కలిస్తే రెండు పెద్ద వ్యాన్లు చెప్పుకోండి. దిగిన రోజు గంటసేపు ఎయిర్‌పోర్ట్ బయట రెండో బండి కోసం నిలబడ్డాం.

డాక్టరమ్మ · జనవరి 25, రాత్రి 8:05

94కి నేనేమీ అనడం లేదు.

రిటైర్డ్_రైలుబండి · జనవరి 25, రాత్రి 8:40

సింహాచలం పోలిక ఒప్పుకున్నాను. ఆ పట్ ఎన్నో హోల్‌లో?

సీతమ్మధార_స్లైస్ · జనవరి 25, రాత్రి 8:44

పద్నాలుగు అని మావయ్యగారు, పదిహేను అని కేడీకి డబ్బులిచ్చిన నేను. ఇంకా తేలలేదు.

బంకర్_బాబాయ్ · జనవరి 25, రాత్రి 9:10

సరే, విశ్రాంతి అయిందిగా. ఆదివారం 6:10కి మా ఫోర్‌బాల్‌లో ఒకరు తక్కువ. ఎవరైనా?

తొమ్మిదో_హోల్ · జనవరి 25, రాత్రి 9:13

నేనొస్తా బాబాయ్. వైట్ నుంచి.